అతకని చర్మం

చెంచురామయ్యకు మామిడి అంటు కట్టడం వచ్చు. వచ్చు అంటే అలా ఇలా కాదు. కొడవలూరుకు తూర్పున, సముద్రం గాలి తగిలే ఆ ఇసక పల్లెల్లో ఎవరి దొడ్లో మంచి మామిడి చెట్టున్నా అది ఆయన చేతి చలవే. పిల్లమొక్క కాండాన్ని ఒక పక్క చెక్కి, పెద్ద చెట్టు కొమ్మనూ అలాగే చెక్కి, రెండు గాయాలనూ ఆనించి అరటి నారతో బిగించి కడితే, కొన్నాళ్లకు ఏది ఏదో తెలియకుండా కలిసిపోయేవి. జాతి ఒకటైతే అంటు పట్టి తీరుతుంది, జాతి వేరైతే బ్రహ్మదేవుడు దిగివచ్చి కట్టినా పట్టదు అనేవాడు. విన్నవాళ్లు తలూపేవారు. నలుగురూ తలూపుతూ ఉంటే మనిషికి తనకు తెలిసిన ఒక్క ముక్కతో లోకమంతా కొలిచేయవచ్చు అనిపిస్తుంది. మన చెంచురామయ్యకు ఉన్న జబ్బు అదే.

అరవై ఏడులో, ఎలక్షన్లు అయిపోయి గోడల మీద గుర్తులు ఇంకా చెరగని రోజుల్లో, వాళ్లింట్లో వడ్లు ఉడకబెడుతున్నారు. పొయ్యి మీద నుంచి కాగు దించింది చెంచురామయ్యే. దించినవాడు తీసుకుపోయి గోడ వారన పెట్టాలి. బరువుకు చేతులు లాగి, దొడ్డి వాకిలికి అడ్డంగా పెట్టేశాడు. అక్కడ పెట్టవద్దని, పిల్ల తిరుగుతోందని భార్య వెంకటశేషమ్మ పొయ్యి దగ్గర నుంచే చెప్పింది. ఆమె చెప్పింది కాబట్టే ఆయన దాన్ని కదపలేదు. అప్పుడు కదిపితే పెళ్లాం చెప్పినందుకు కదిపినట్టవుతుంది కదా. చుట్ట ముట్టించుకుని నిలబడ్డాడు.

ఐదేళ్ల కూతురు మాలకొండమ్మ కోడిపిల్లను దోసిట్లో పట్టుకుని వచ్చింది. తల్లికోడి రెక్కలు విప్పి మీదికి వస్తుంటే బెదిరి, వెనక్కి వెనక్కి నడిచి, కాగు తగిలి వెల్లకిలా పడింది. మరిగిన నీళ్లు మెడ నుంచి నడుము దాకా వీపంతా కాల్చేశాయి.

బండిలో కోవూరు, కోవూరు నుంచి బస్సులో పెన్న దాటి నెల్లూరు. దారి పొడుగునా శేషమ్మ బిడ్డను ఒళ్లో బోర్లా పడుకోబెట్టుకుని అరిటాకు కప్పి కూర్చుంది. కాగు సంగతి ఆమె ఎత్తలేదు. ఆస్పత్రిలో ఎలా జరిగిందని అడిగినప్పుడు కూడా, ఆడుకుంటూ పడింది అని మాత్రమే చెప్పింది. తిట్టి ఉంటే చెంచురామయ్యకు కొంత తేలికయ్యేది. తిరిగి తిట్టడానికి ఒక దారి దొరికేది. ఆమె తిట్టకపోయేసరికి ఆ పాపమంతా ఆయన లోపలే ఉండిపోయింది.

డాక్టరమ్మ పేరు ఎలిశబెతు. నెల్లూరు మనిషే, మద్రాసులో చదువుకుని వచ్చింది. బిడ్డ పాలిపోతుంటే రక్తం ఎక్కించాలంది. తల్లిదండ్రులిద్దరి రక్తమూ తీసి చూశారు. శేషమ్మది బిడ్డకు కలవలేదు. చెంచురామయ్యదీ బిడ్డదీ ఒకటే, బి గ్రూపు. ఆ మాట వినగానే ఆయనకు ప్రాణం లేచి వచ్చింది. వరండాలో పడుకున్న రోగుల తాలూకు మనుషులందరికీ పేరు పేరునా చెప్పాడు, అచ్చంగా నా రక్తమే అని. బి గ్రూపు వాళ్లు ఒక్క నెల్లూరు జిల్లాలోనే లక్షల మంది ఉంటారని ఆయనకు తెలియదు. తెలిసినా వినిపించుకునేవాడు కాదు. సీసాలోంచి తన రక్తం బొట్టు బొట్టుగా బిడ్డ చేతిలోకి దిగుతుంటే, కాగు దించిన చేతుల పాపం కొంచెం కొంచెంగా కడిగేసినట్టనిపించింది.

ప్రాణానికి గండం గడిచింది గానీ వీపు మానలేదు. తోలు లేని ఎర్రటి మాంసం. దాని నుంచి రాత్రీ పగలూ నీరు కారుతూనే ఉండేది, దాంతోబాటే బిడ్డ ఒంట్లో బలమూ పోయేది. దేనితోనైనా కప్పితే తప్ప కోలుకోదని డాక్టరమ్మ చెప్పింది. బిడ్డ తొడ మీది చర్మమే తీసి వేయాలి, కానీ దానికి తగిన ఓపిక ఇప్పుడు బిడ్డకు లేదు. ఓపిక వచ్చేదాకా పెద్దవాళ్లది ఎవరిదైనా పల్చగా తీసి పైన పరుస్తాం అంది. చెంచురామయ్య అప్పటికప్పుడే పంచె పైకెత్తి తొడ చూపించాడు.

“ఇది నిలవదు చెంచురామయ్యా. కట్టుగుడ్డ మాదిరి అనుకో. కొన్నాళ్లుండి రాలిపోతుంది, ఆ కొన్నాళ్లే నాకు కావాల్సింది” అని డాక్టరమ్మ విడమరచి చెప్పింది. నర్సు మగ్దలీనమ్మ కూడా పక్కనే ఉంది. చెంచురామయ్య అలాగే అలాగే అన్నాడు. ఆయన మనసులో మాట వేరు. ఇన్ని వందల అంట్లు కట్టిన వాడికి ఈమె చెప్పేదేమిటి, రక్తం ఒకటైనాక తోలు పట్టకుండా ఎక్కడికి పోతుంది అనుకున్నాడు. నిలవదు అన్న మాట చెవిలో పడింది, అంతకంటే లోపలికి పోలేదు.

ఉల్లిపొరంత పల్చగా తొడ మీది చర్మం తీసి, చిన్న చిన్న ముక్కలుగా బిడ్డ వీపు మీద పరిచారు. తొడ అగ్గి పెట్టినట్టు మండేది. ఆ మంట ఆయనకు ఇష్టంగా ఉండేది, మందు కూడా వద్దన్నాడు. కట్టు విప్పి చూసిన రోజున ముక్కలన్నీ గులాబి రంగుకు తిరిగి అతుక్కుని ఉన్నాయి. చెంచురామయ్య మంచం కోడు పట్టుకుని ఏడ్చేశాడు. చూడు శేషమ్మా, అంటు పట్టింది అన్నాడు. ఆ పూట వాళ్లిద్దరూ ఒకే కంచంలో తిన్నారు. ఇరవై మంది చూస్తున్న వరండాలో, పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి.

తరువాతి వారం ముక్కల అంచులు నల్లబడ్డాయి. ఆ పైన ఒక్కొక్కటే లేచిపోవడం మొదలైంది. మగ్దలీనమ్మ పట్టకారుతో అందుకుని పళ్లెంలో వేస్తుంటే, కుళ్లిన ఆకుల్లాగా ఊడి వచ్చాయి. చెంచురామయ్య ఆ పళ్లెం వైపే చూస్తూ నిలబడ్డాడు.

ఆ రోజే చెంచురామయ్య తల్లి పిచ్చమ్మ ఊరి నుంచి సద్ది తీసుకుని వచ్చింది. సంగతి విన్నది. కొడుకు పక్కన కూర్చుని చాలాసేపు వక్క నమిలి, గొంతు తగ్గించి, “పెళ్లయినాక నెలలు నిండకముందే పుట్టిన పిల్ల గదా అబ్బయ్యా” అన్నది. అంతే. అదే మాట ఐదేళ్ల కిందట పురిటి నాడు అన్నప్పుడు చెంచురామయ్య తల్లి మీద ఇంతెత్తున లేచి, ఆమెతో నెల రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు లేవలేదు. తల వంచుకుని విన్నాడు. వినడమే కాదు, ఆ మాట పట్టుకుని పైకి రావచ్చుననిపించింది. తన తోలు పట్టకపోతే తప్పు తనది కానక్కర్లేదు. బిడ్డ తనది కాకపోతే కాగు పాపం కూడా అంత బరువుండదు. ఇంత నీచమైన లెక్క ఆయన మాటలు పెట్టి వేసుకోలేదు గానీ, వేసుకున్నట్టే నడుచుకున్నాడు.

లోపలికి పోయాడు. శేషమ్మ బిడ్డ మంచం పక్కన కూర్చుని విసనకర్రతో ఈగలు తోలుతోంది.

“రక్తం కలిసింది సరే, తోలెందుకు పట్టలేదు?” అన్నాడు.

డాక్టరమ్మ ముందే చెప్పింది గదా అని శేషమ్మ జవాబిచ్చింది.

“నా జాతి మొక్కకు నేను కట్టిన అంటు పట్టకుండా పోయిందే లేదు. అది ఎవురి బిడ్డో నువ్వే చెప్పాల.”

విసనకర్ర ఆగింది. శేషమ్మ ఆయన మొహంలోకి చూసింది. కోపంగా కాదు, తెలియని మనిషి ఎవరో వచ్చి నిలబడితే పోల్చుకోవడానికి చూసినట్టు. కాసేపటికి విసనకర్ర మళ్లీ కదిలింది. ఆమె ఏడ్చి ఉంటే, ఒట్టు పెట్టి ఉంటే, ఆయన అక్కడే కూలబడి కాళ్లు పట్టుకునేవాడేమో. ఆమె నోరు మెదపకపోవడమే ఒప్పుకోవడం అనుకుని బయటికి వచ్చేశాడు.

మర్నాడు శేషమ్మ డాక్టరమ్మ దగ్గరికి పోయి తన చర్మం తీయమంది. నీది కూడా రాలిపోతుందమ్మా, నువ్వు కన్నతల్లివైనా అంతే అని డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది. బిడ్డకు ఇంకో పది రోజులు నీడ దొరుకుతుంది గదా అని శేషమ్మ అడిగింది. దొరుకుతుంది, ఆలోగా బిడ్డకు బలం కూడా రావచ్చు అని ఆమె ఒప్పుకుంది. మొగుడు అన్న మాట శేషమ్మ డాక్టరమ్మకు చెప్పలేదు. ఆ తల్లి తొడ మీది చర్మం బిడ్డ వీపు మీదికి చేరింది. శేషమ్మ కుంటుకుంటూనే వచ్చి మళ్లీ విసనకర్ర పట్టుకుంది.

కట్టు విప్పి చూస్తే శేషమ్మ చర్మం గులాబి రంగుకు తిరిగింది. అంతకుముందు తనదీ ఇలాగే తిరిగిందన్న సంగతి చెంచురామయ్యకు గుర్తు రాలేదు. గుర్తు రావాలని ఆయనకు లేదు. తల్లిది పట్టింది, నాది పట్టలేదు, ఇంకేం కావాలి అనుకుని ఆ పూటే ఊరికి బస్సెక్కాడు. ఇంటికి పోయి తల్లితో చెప్పాడు. పిచ్చమ్మ మారు మాట్లాడకుండా శేషమ్మ చీరెలూ, రవికలూ, దువ్వెనా, పెళ్లినాటి ఇత్తడి చెంబూ ఆమె రేకు పెట్టెలో సర్దింది. పక్కింటి పోలేరయ్య ఎడ్ల కోసం నాయుడుపేట సంతకు పోతుంటే, పెట్టెను అతని చేతికిచ్చి ఆ ఊళ్లోనే ఉన్న శేషమ్మ పుట్టింట్లో దింపిరమ్మంది. పోలేరయ్య ఒక్కసారి చెంచురామయ్య వైపు చూశాడు. చెంచురామయ్య దూలం వైపు చూశాడు. కోడలి పెట్టె ఒంటరిగా పుట్టిల్లు చేరిందంటే ఇక అర్థం కానివాళ్లెవరూ ఉండరు.

పెట్టె పోయింది. అది ఉన్న చోట నేల మీద తెల్లటి చారిక మిగిలింది. చెంచురామయ్యకు ఇంట్లో నిలబడ బుద్ధి కాలేదు. దొడ్లోకి పోతే కాగు బోర్లించి ఉంది. మళ్లీ నెల్లూరు బస్సెక్కాడు.

బస్సు పెన్న వంతెన మీద పోతుండగా ఒక కోరిక పుట్టింది. శేషమ్మ చర్మం కూడా రాలిపోతే బాగుండును. రాలిపోతే ఆమె మంచిదవుతుంది, బిడ్డ తనదవుతుంది, పెట్టె వెనక్కి తెచ్చుకోవచ్చు. ఈ కోరికకు అర్థం బిడ్డ వీపు మళ్లీ పచ్చిపుండు కావాలనే కదా అని తట్టింది. తూ అనుకుని కిటికీలోంచి ఉమ్మేశాడు. నోట్లోది పోయింది గానీ మనసులోది పోలేదు. వంతెన దిగేసరికి ఏడుకొండలవాడికి మొక్కుకున్నాడు కూడా. దేనికని మొక్కుకున్నాడో స్వామికీ ఆయనకూ మాత్రమే తెలుసు.

కట్టు విప్పే రోజు వచ్చింది. మగ్దలీనమ్మ గుడ్డను తడిపి నెమ్మదిగా లేపింది. దానితోబాటే ముక్కలన్నీ లేచి వచ్చాయి. నల్లగా, మెత్తగా, ఆయనవి వచ్చినట్టే. బిడ్డ మంచం పట్టెను గట్టిగా పట్టుకుని కేకలు పెట్టింది. శేషమ్మ బిడ్డ రెండు చేతులూ పట్టుకుని, తల ఎత్తి మొగుడి వైపు చూసింది. ఒక్క క్షణమే. వెంటనే బిడ్డ మీదికి వంగింది.

చెంచురామయ్య డాక్టరమ్మ గదికి దాదాపు పరుగెత్తాడు. తల్లిది కూడా ఎందుకు పట్టలేదని అడిగాడు. ఇది ఇంకెన్నిసార్లు చెప్పాలని ఆమె విసుక్కుంది. ఆయన మొహం చూసి ఏమనుకుందో, కూర్చోమని చెప్పి, తెలిసేటట్టు చెప్పడం మొదలుపెట్టింది.

రక్తంలో ఎర్ర కణాలుంటాయి, తెల్ల కణాలుంటాయి. మనం చూసిన గ్రూపు ఎర్ర కణాల మీద ఉండే గుర్తు. రక్తం ఎక్కించడానికి అది చాలు. తెల్ల కణాల మీద ఉండే గుర్తులు వేరే, అవి లెక్కలేనన్ని రకాలు. పెద్ద దేశాల్లో ఈ మధ్యనే వాటిని పోల్చుకుంటున్నారు. చర్మం మీదా అవే గుర్తులు ఉంటాయని, ఒకరిది ఒకరికి పట్టకపోవడానికి అవే ముఖ్య కారణమని అంటున్నారు.

“నీ గుర్తుల్లో సగమే నీ బిడ్డకు వచ్చినాయి. మిగతా సగం తల్లివి. నీ చర్మంలో బిడ్డకు రాని సగం కూడా ఉంది గదా, అది దానికి పరాయిది. అందుకని తోసేసింది. తల్లిదీ అంతే. నీ బిడ్డ కాబట్టే సగమన్నా కలిసింది. నాయనదైనా అమ్మదైనా నిలవదయ్యా, ముందే చెప్పినా గదా నీకు.”

చెంచురామయ్య లేచి నిలబడ్డాడు. దణ్ణం పెట్టబోతే చేతులు రాలేదు. ముందే చెప్పినా గదా అన్న ఆఖరి మాట మాత్రం పట్టుకుంది. డాక్టరమ్మ చెప్పింది. వాకిలికి అడ్డం పెట్టవద్దని శేషమ్మ కూడా ముందే చెప్పింది. అన్నీ ముందే చెప్పారు. ఆయన చేసిన ఏ పనికీ తెలియక చేశాననే సాకు లేదు.

అక్కడి నుంచి అటే నాయుడుపేట పోయాడు. మామ కామాక్షయ్య పంచలో కూర్చుని ఉన్నాడు. పెట్టె గోడ పక్కనే, తాడు కూడా విప్పకుండా ఉంది. తప్పయిపోయింది, పెట్టె తీసుకుపోతానన్నాడు చెంచురామయ్య. ముసలాయన కొట్టలేదు, తిట్టలేదు. కూర్చోమని కూడా అనలేదు. “నువ్వు పంపిస్తే వచ్చింది. పోయేది మాత్రం మా అమ్మి చెప్తేనే” అన్నాడు. అప్పటికే శేషమ్మ తమ్ముడు ఆస్పత్రికి పోయి ఆమెకు పెట్టె సంగతి చెప్పి వచ్చాడని అక్కడే తెలిసింది.

శేషమ్మ ఆ సంగతీ ఎత్తలేదు. రోజులు గడిచాయి. తల్లి చర్మం నీడలో ఉన్న ఆ కాస్త కాలంలో బిడ్డ కొంత కోలుకుంది, జ్వరం విడిచింది. డాక్టరమ్మ బిడ్డ తొడ మీది చర్మమే తీసి రెండు విడతలుగా వేసింది. ఈసారి నల్లబడలేదు. నెమ్మదిగా అంచులు కలుసుకున్నాయి. చెంచురామయ్య వార్డులో నీళ్లు మోశాడు, మలమూత్రాలు ఎత్తాడు, శేషమ్మ తినక ముందు తినేవాడు కాదు. ఆమె అడిగినదానికి జవాబు చెప్పేది, ఇచ్చినది తీసుకునేది. చక్కగా, మర్యాదగా, పక్క మంచం వాళ్లతో ఉన్నట్టు. ఆ మర్యాద చూసినప్పుడల్లా ఆయనకు ఒక దెబ్బ కొట్టినా బాగుండుననిపించేది. క్షమించమని అడగాలని ఎన్నోసార్లు నోరు తెరిచాడు. ఏ తప్పు నుంచి మొదలుపెట్టాలో తెలియక మూసుకున్నాడు.

ఇంటికి పంపిస్తున్నామని చెప్పిన రోజు, బస్టాండులో బెంచీ మీద ముగ్గురూ కూర్చున్నారు. మాలకొండమ్మ ఇద్దరి మధ్య కూర్చుని జామకాయ తింటోంది. అప్పుడు చెంచురామయ్య ధైర్యం చేశాడు. కాగు తప్పు తనదేనన్నాడు. అనకూడని మాట అన్నానన్నాడు. పెట్టె పంపినందుకు తన చెయ్యి విరిగిపోవాలన్నాడు. నువ్వు మచ్చ లేని మనిషివని తెలిసింది, ఇక జన్మలో అనుమానించను, ఇంటికి పోదాం రమ్మన్నాడు.

శేషమ్మ ఆఖరి దాకా విన్నది.

“నా తోలు రాలింది కాబట్టి తెలిసింది నీకు. అది పట్టి, బిడ్డ వీపు అప్పుడే మాని ఉంటే?”

ఆయన బిడ్డ ఒళ్లో పడిన జామకాయ ముక్క తీసి పారేశాడు.

“ఆ పొద్దు కట్టు ఇప్పినప్పుడు అది గుక్క పట్టి ఏడస్తా ఉండింది. నేను నీ మొహం చూసినాను. నువ్వు సంతోషపడినావు. అవునా కాదా?”

నాయుడుపేట బస్సు వచ్చి ఆగింది. జనం లేచారు. ఈ ఒక్కదానికి అబద్ధం చెప్పవచ్చు. చూసినదాన్ని చూడలేదనిపించవచ్చు. కానీ ఇన్నాళ్లూ లోపల తిరుగుతున్నది అదే. అది కూడా దాచుకుని ఈమెను ఇంటికి తీసుకుపోలేననిపించింది.

“అవును” అన్నాడు.

శేషమ్మ లేచి కొంగు దోపుకుంది.

“కాదంటావేమో అనుకున్నా” అన్నది. “కాదని చెప్పి ఉంటే నమ్మేదాన్ని.”

ఆమె ఆ నాయుడుపేట బస్సే ఎక్కి కిటికీ పక్కన కూర్చుని రెండు చేతులూ బయటికి చాచింది. చెంచురామయ్య బిడ్డ వీపు తగలకుండా చంకల కింద పట్టుకుని ఎత్తి, కిటికీలోంచి ఆ చేతులకు అందించాడు.